పక్కింటి మినామి

మిత్సురు అదాచి గీసిన మాంగా (జపనీస్ కామిక్) 'టచ్' చదవడం పూర్తయింది. మనసు ఇంకా అందులోనే తిరుగుతోంది. జపాన్‌లో 1981 నుంచి 1986 వరకు ఒక వారపత్రికలో వచ్చిన కథ ఇది, 26 సంపుటాలు.

తత్సుయా, కజుయా కవలలు. మినామిది పక్కిల్లు. ముగ్గురూ ఆడుకోడానికి రెండిళ్ల పెద్దవాళ్లూ కలిసి ఒక గది కట్టించారు, పెద్దయ్యాక వాళ్లు చదువుకునేదీ అక్కడే. కజుయా స్కూలు బేస్‌బాల్ జట్టులో స్టార్ పిచర్, అంటే బంతి విసిరేవాడు. మినామిని కోషియెన్‌కి, అంటే హైస్కూలు జట్ల జాతీయ బేస్‌బాల్ టోర్నమెంట్‌కి, తీసుకెళ్లాలన్నది అతని పట్టుదల. తత్సుయా తమ్ముడి కోసం ప్రతిదాంట్లో వెనక్కి తగ్గుతుంటాడు. మినామికి ఇష్టం మాత్రం తత్సుయా అంటేనే.

కోషియెన్‌కి వెళ్లాలంటే గెలవాల్సిన ప్రాంతీయ ఫైనల్ రోజు పొద్దున, ఒక పిల్లాడిని కాపాడబోయి కజుయా రోడ్డు ప్రమాదంలో చనిపోతాడు.

అక్కడి నుంచి కథ నన్ను వదల్లేదు. అడ్డు తొలగింది కాబట్టి ఇక ఇద్దరూ ఒకటవుతారని అనుకుంటాం కదా, అప్పుడే వాళ్లకి దగ్గరవడం కష్టమైంది. బతికున్న తమ్ముడితో పోటీ పడొచ్చు, లేని తమ్ముడితో ఎలా పడతాడు? రైలు వంతెన కింద మినామి ఏడ్చే పేజీల దగ్గర నేనూ ఏడ్చేశాను. పైన రైలు వెళ్తుంటే ఆ చప్పుడులో తన ఏడుపు కలిసిపోతుంది. అదాచి అలాంటి చోట మాటలు పెట్టడు, వట్టి ఆకాశం గీస్తాడంతే. చిన్నప్పటి నుంచి తెలిసిన మనిషితో ప్రేమ గురించి మాట్లాడటం ఎంత కష్టమో ఆ ఖాళీల్లోనే తెలుస్తుంది.

చివర్లో కోషియెన్ మ్యాచ్‌లు గీయనే లేదు. కొందరికి వెలితిగా ఉంటుందేమో, నాకు చాలా నచ్చింది. మినామికి చెప్పాల్సింది తత్సుయా అప్పటికే చెప్పేశాడు మరి.