ఎదురు బంచ్ తోసే తోపు

మంగళవారం. పొద్దున్నుంచీ ముసురే. ఆఫీసుకెళ్ళేసరికి నిన్న వేసిన సిమ్యులేషన్లలో సగమే అయ్యాయి, మిగతావి ఇంకా క్యూలో ఉన్నాయి. అయినంతవరకూ గ్రాఫులు గీస్తూ కూర్చున్నాను.

మధ్యాహ్నం తమ్ముడి ఫోను. "రెండు బీములు ఎదురెదురుగా గుద్దుకుంటే ఇంకేం మిగులుతుందక్కా? గంటల తరబడి ఎలా తిప్పుతారు?" ఎల్‌హెచ్‌సీలో, అంటే జెనీవా దగ్గర ప్రోటాన్లని గుండ్రంగా తిప్పి గుద్దించే పెద్ద యంత్రంలో, బీమంటే వరసగా సాగే ప్రోటాన్ గుంపులు, అవే బంచ్‌లు. ఒక్కో బంచ్‌లో పదివేల కోట్లకు పైగా ప్రోటాన్లు. రెండు బంచ్‌లు ఒకదాన్లోంచి ఒకటి దూసుకుపోయినప్పుడు నిజంగా గుద్దుకునేవి ఏ యాభై జతలో. తక్కినవన్నీ క్షేమమే, కాకపోతే ఎదుటి బంచ్ తలా ఒక తోపు తోసి పంపిస్తుంది. నా ఉద్యోగమంతా ఆ తోపు లెక్కే.

సొంత బంచ్‌లోని పక్క ప్రోటాన్లూ వికర్షించాలిగా? వికర్షిస్తాయి. కానీ అన్నీ ఒకే దిక్కుకి దాదాపు కాంతివేగంతో పోతుంటే వాటి మధ్య పుట్టే అయస్కాంత బలం ఆ వికర్షణని ఇంచుమించు కొట్టేస్తుంది. ఎదురొచ్చేదానితో అలా కాదు, రెండు బలాలూ ఒకే వైపు తోస్తాయి. ఇన్నేళ్ళైనా నాకిది వింతే.

పైగా ఆ తోపు అందరికీ ఒకటి కాదు. నడిమధ్య నుంచి జరిగేకొద్దీ పెరిగి, అంచు దాటాక తగ్గిపోతుంది. దాంతో ఒక్కో ప్రోటాన్ ఒక్కో తీరుగా ఊగుతుంది. ఒక చుట్టుకి ఎన్ని ఊపులో అదే ట్యూన్, అడ్డంగా 62.31 దగ్గర పెడతాం. ముఖ్యమైంది చుక్క తర్వాతి భాగమే. అది 0.30 దగ్గరికెళ్తే పదో ఆర్డర్ రెజొనెన్స్, అంటే చుట్టు చుట్టుకీ తోపులు కలిసొచ్చి ఊపు పెరిగిపోయే చోటు, 0.333 దగ్గర మూడోది. ఆ సందులోనే ఇమడాలి. బీమ్-బీమ్ తోపు ఒక్కటే అందులో 0.01 దాకా మింగేస్తుంది.

తమ్ముడికి ఇంత చెప్పలేదు, వాడు అప్పటికే క్రికెట్‌లోకి వెళ్ళిపోయాడు.

సాయంత్రం అసలు తలనొప్పి మొదలైంది. గుద్దుకునే చోట ఉండే డిటెక్టర్‌కి అటూఇటూ రెండు బీములూ ఒకే గొట్టంలో నడుస్తాయి. కొద్ది కోణంతో తప్పించినా, ప్రతి 3.75 మీటర్లకీ ఎదురుబొదురు బంచ్‌లు పక్కపక్కగా రాసుకుంటూ పోతాయి. బంచ్‌ల వరసలో మొదటివాటికీ చివరివాటికీ ఈ పలకరింపులు తక్కువ. వాటిని ప్యాక్‌మాన్ బంచ్‌లంటారు. మధ్యవాటికి సరిపడేట్టు సర్దితే ఇవి తేడాగా నడుస్తాయి. బీముకి సమాంతరంగా తీగ పెట్టి కరెంటు పంపి ఆ దూరపు తోపుల్ని తగ్గించడం ఎల్‌హెచ్‌సీలో చేస్తున్నదే. నాకు నచ్చిన ఉపాయం, ఏ ఆర్భాటమూ లేదు. కానీ తీగ కరెంటు అన్ని బంచ్‌లకీ ఒకటే, కొసబంచ్‌లకి అది ఎక్కువైపోతుందేమోనని నా అనుమానం. 350 ఆంపియర్లు పెట్టి, కొసబంచ్‌లని విడిగా లెక్కించమని కొత్త జాబ్ వేసి బయల్దేరాను.