బర్ కంటే ముందు రంధ్రం చూడాలి: డీబరింగ్‌లో నా అనుభవం

బాలానగర్‌లో మాది చిన్న మెషిన్ షాపు. 6061 రకం అల్యూమినియం బ్రాకెట్ల ఆర్డర్ పెరిగాక, కోసినచోట, డ్రిల్ చేసినచోట అంచుల్లో లేచే లోహపు ముళ్లను (బర్) చేత్తో తీసేయడం, అంటే డీబరింగ్ చేయడం, ఇక కుదరలేదు. ఆకురాయితో, తిరిగే బ్లేడున్న చేతి పనిముట్టుతో మా పనివాళ్లు పని శుభ్రంగానే చేసేవాళ్లు. కానీ పొద్దున సన్నగా తెగే అంచు, చేతులు అలిసిపోయే సాయంత్రానికి లోతుగా తెగేది. పైగా ఈ ముక్కలు తర్వాత అనోడైజింగ్‌కు (కరెంటుతో పైన రక్షణ పొర పెంచే పనికి) వెళ్తాయి. పదునుగా మిగిలిన అంచు మీద ఆ పొర కుదురుగా పట్టదు, పగుళ్లిస్తుంది. అన్ని అంచులూ ఒకేలా గుండ్రబడాలంటే వైబ్రో మెషినే దారి: ముక్కలతోపాటు మీడియా అనే రాపిడి రాళ్లు తొట్టిలో పోసి అదిరిస్తే, ఆ రాళ్లే అంచులు అరగదీస్తాయి.

మెషిన్ కొనేముందు, జాబ్‌వర్క్ చేసే ఒక పెద్దాయన దగ్గరకు ముక్కలు పట్టుకెళ్లాను. బర్ ఎంత మందం ఉందో చెప్పబోతే ఆపేశారు.

"తమ్ముడూ, బర్ సంగతి తర్వాత. నీ ముక్కల హోల్స్ ఎంత సైజున్నయో ముందు చెప్పు."

6 మి.మీ. అన్నాను. అయితే 3 మి.మీ. మీడియా జోలికే పోవద్దన్నారు. రెండు రాళ్లు పక్కపక్కన దూరి రంధ్రంలో బిగుసుకుంటాయి, ఒక్కో ముక్కలోంచి వాటిని పొడిచి తీయడం బర్ తీయడం కంటే పెద్ద పని. మీడియా రంధ్రంలోకి దూరలేనంత పెద్దదైనా ఉండాలి, సులువుగా జారిపోయేంత చిన్నదైనా ఉండాలి. మేం 10 మి.మీ. కోన్ ఎంచుకున్నాం. దాని మొన రంధ్రం అంచును తాకుతుంది, ఒళ్లు మాత్రం లోపలికి పోదు.

ఏ పదార్థం అన్నది ట్రయల్‌లోనే తేలింది. సిరామిక్ బరువైనది, చకచకా కోస్తుంది. మా ఈఎన్8 రకం స్టీలు బుష్‌లకు అదే సరిపోయింది. అల్యూమినియం మీద మాత్రం గుంటలు పడి, పైభాగం బూడిదరంగుకు తిరిగింది. రాపిడి పొడి కలిపిన ప్లాస్టిక్ కోన్లు నిదానంగా కోసినా నున్నటి ఫినిష్ ఇచ్చాయి. స్టీలు బాల్స్ మెరుగు పెడతాయి తప్ప కోయవు. స్టీలుకు వాడిన మీడియాను అల్యూమినియానికి వాడొద్దు, ఇనుప రేణువులు అంటుకుని మచ్చలు పడతాయి.

ఎంత నింపాలన్నదీ ముఖ్యమే. స్టీలుకు ఒక వంతు ముక్కలకు మూడు వంతుల మీడియా చాలింది. అల్యూమినియానికి ఆరు వంతులు పోస్తే గానీ ముక్కలు ఒకదానికొకటి తగిలి గీతలు పడటం ఆగలేదు. నీళ్లలో కలిపే సబ్బులాంటి కాంపౌండ్ గాఢత పెంచితే పని తొందరగా అవుతుందనుకోవద్దు. నురగ ఎక్కువైతే మీడియా దెబ్బ మెత్తబడుతుంది. అల్యూమినియానికి క్షారం ఎక్కువున్న కాంపౌండ్ వాడితే నల్లబడుతుంది, తటస్థానికి దగ్గరగా ఉన్నదే తీసుకోవాలి. మా బోరు నీళ్ల ఉప్పు తెల్ల మచ్చలుగా మిగలడంతో, చివరి కడుగుడు ఆర్‌ఓ నీళ్లతో చేసి, మొక్కజొన్న కండెల రవ్వలో తడి ఆర్చుతున్నాం.

ఇంత చేసినా ఒక ముక్క లొంగలేదు. అందులో రెండు రంధ్రాలు లోపల అడ్డంగా కలుస్తాయి. ఆ మలుపు దగ్గరి బర్ పైకి కనబడదు, మీడియా తాకదు. హైడ్రాలిక్స్‌లో అది ఊడి నూనెతోపాటు వాల్వ్‌లోకి పోతే వాల్వ్ ఇరుక్కుపోతుంది. మూసిన గదిలో గ్యాస్, ఆక్సిజన్ కలిపి మండించి బర్‌ను రెప్పపాటులో కాల్చేసే థర్మల్ పద్ధతి ఉంది గానీ, మా చిన్న లాట్లకు ఆ ఖర్చు గిట్టదు. అందుకే రంధ్రం లోపలికి వెళ్లి బర్ కోసే స్ప్రింగ్ బ్లేడు టూల్‌ను, కంప్యూటర్ నడిపే సీఎన్‌సీ మెషిన్ ప్రోగ్రాంలోనే చేర్చాం. దానికంటే ముందు డ్రిల్లు మార్చే గడువు తగ్గించాం. మొద్దుబారిన డ్రిల్లు బయటికొచ్చే వైపు మందపాటి బర్ లేపుతుంది కాబట్టి, డీబరింగ్ ఖర్చులో సగం అక్కడే పుడుతుందని నా నమ్మకం.

ఇప్పుడు మీడియాను జల్లెడ పట్టకుండా కొత్త లాటు వేయనివ్వను. 10 మి.మీ. కోన్ అరిగీ అరిగీ ఎప్పుడో 6 మి.మీ. రంధ్రంలో దూరే సైజుకొస్తుంది. జల్లెడలోంచి జారినవాటిని విడిగా డబ్బాలో పోసి, రంధ్రాల్లేని ప్లేట్లకు వాడుతున్నాం.