విదేశీ రైలెక్కే చిన్న కుక్కకు సాధన సఖినేటిపల్లి రేవులో

పిల్లలు జర్మనీలోనో ఇంగ్లాండులోనో స్థిరపడ్డాక, రాజోలులోనో అమలాపురంలోనో ఉండిపోయిన కుక్కను దగ్గరకు తెచ్చుకోవాలనుకుంటారు. అందరి దిగులూ విమానం గురించే. విమానం ఒక్క రోజుతో అయిపోతుంది. అక్కడికెళ్లాక డాక్టరు దగ్గరికి వెళ్లాలన్నా, ఊరు దాటాలన్నా రైలో ట్రామో ఎక్కాలి. అక్కడి రైళ్లలో చాలా చోట్ల చిన్న కుక్కకు సంచే టికెట్టు. అందులో కుదురుగా కూర్చోవడం మాత్రం ఇక్కడే, గోదావరి గట్టు మీదే నేర్పాలి.

జర్మనీ రైళ్లలో ఇంట్లో పెంచుకునే పిల్లి అంత కుక్క మూసిన సంచిలో ఉంటే డబ్బు కట్టక్కర్లేదు. అంతకన్నా పెద్దదైతే టికెట్టు కొనాలి, తాడు కట్టాలి, మూతికి చిక్కం వెయ్యాలి. స్విట్జర్లాండులో నేల నుంచి భుజం దాకా 30 సెంటీమీటర్ల లోపు కుక్క సంచిలో ఉంటే చేతి సామానుతో సమానం. ఇటలీలో ట్రెనిటాలియా రైళ్లకు 70×30×50 సెంటీమీటర్లు మించని పెట్టె కావాలి. జపాన్ జేఆర్ రైళ్లలో పెట్టె, కుక్క కలిపి 10 కిలోలు దాటకూడదు, చిన్న రుసుము ఉంటుంది. ఇంగ్లాండు రైళ్లలో మనిషికి రెండు కుక్కల వరకు ఉచితం, సీటు మీద మాత్రం ఎక్కించకూడదు. లండన్ భూగర్భ రైలు స్టేషన్లలో ఎస్కలేటర్ మీద కుక్కను ఎత్తుకోవాలి, మెట్ల పళ్లలో గోళ్లు ఇరుక్కుంటాయి. లండన్ నుంచి పారిస్ వెళ్లే యూరోస్టార్‌లో సహాయక కుక్కలకు తప్ప చోటు లేదు. దుబాయ్ మెట్రో, సింగపూర్ మెట్రో అయిన ఎంఆర్‌టీ కూడా అంతే. గల్ఫ్‌కు వెళ్లేవాళ్లు ఈ మాట ముందే తెలుసుకుంటే మంచిది.

సంచి కొనేముందు కుక్కను నిలబెట్టి, ముక్కు నుంచి తోక మొదలు దాకా, నేల నుంచి తల దాకా టేపుతో కొలవండి. లోపల లేచి నిలబడి ఒక చుట్టు తిరగగలగాలి. మూడు వైపులా వల ఉన్న మెత్తటి సంచి మేలు. ఎక్కువగా దెబ్బతినేది అడుగు భాగం. ఎత్తగానే మధ్యలో కుంగితే కుక్క కాళ్లు జారి భయపడిపోతుంది, మళ్లీ అందులోకి దిగదు. ప్లైవుడ్ ముక్కను అడుగు కొలతకు కోయించి, అంచులు నున్నగా గీయించి కింద పరవండి. దానిమీద ఇంట్లోవాళ్లు కట్టి విడిచిన పాత నేతచీర ముక్క వెయ్యండి, ఉతక్కుండానే. తెలిసిన వాసన ఉంటే తొందరగా సర్దుకుంటుంది. లోపలి కొక్కేన్ని మెడపట్టీకి కాదు, ఛాతీపట్టీకి తగిలించాలి. మెడకు తగిలిస్తే, గెంతినప్పుడు గొంతు నొక్కుకుపోతుంది.

మొదటి వారం సంచి తెరిచి ఇంట్లో పడేసి ఉంచండి, అన్నం అందులోనే పెట్టండి. తర్వాత జిప్పు మూసి నిమిషం, ఐదు నిమిషాలు, పావుగంట ఉంచండి. మూలిగినప్పుడు తెరవకండి. మూడు నాలుగు క్షణాలు నిశ్శబ్దంగా ఉన్నాక తెరవండి. మూలిగినప్పుడల్లా తెరిస్తే, మూలిగితే తలుపు తెరుచుకుంటుందని నేర్చుకుంటుంది. ఆ తర్వాత ఎంత ముద్దుచేసినా మానదు.

ఇక సఖినేటిపల్లి రేవు. వశిష్ఠ గోదావరి మీద బళ్లనూ జనాన్నీ నరసాపురం దాటించే పంటు కంటే మంచి బడి దొరకదు. ఇంజను అదురు, బళ్లు ఎక్కేటప్పుడు మోగే ఇనప రేకు, హారన్లు, జనం, చేపల గంపల వాసన అన్నీ ఒక్కచోటే. మొదటి రోజే పంటు ఎక్కించకండి. గట్టు మీద దూరంగా కూర్చుని, సంచిలోకి ఒక్కో పలుకు మేత అందించండి. తింటుంటే మర్నాడు పది అడుగులు ముందుకు. ఇష్టమైన మేత కూడా ముట్టకపోతే ఎక్కువ దగ్గరికి వచ్చేశారన్నమాట, వెనక్కి జరగండి. పంటు ఎక్కాక సంచిని ఒంటికి ఆనించి, అడుగున చెయ్యి పెట్టి పట్టుకోండి. భుజానికి వేలాడితే ఊగి వాంతి చేసుకుంటుంది. పిల్లలు వలలో వేళ్లు పెట్టకుండా ముందే చెప్పండి. ఉదయం 8 లోపే ముగించాలి. మన ఉక్కలో పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలు మూసిన సంచిలో తొందరగా ఆయాసపడతాయి. నాలుక వెడల్పై అంచులు వంకర తిరిగితే వెంటనే నీడకు తీసుకెళ్లి నీళ్లు పట్టండి. నిద్రమాత్ర ఇచ్చి తీసుకెళ్లాలనే ఆలోచన వద్దు. రక్తపోటు పడిపోతుంది, ఊపిరి మందగిస్తుంది.

మేత సంగతి చాలామంది మరిచిపోతారు. పాలు, మాంసం కలిసిన తిండిని యూరప్‌లోకి తీసుకెళ్లనివ్వరు. పెరుగన్నం, కోడికూర అన్నం అలవాటైన కుక్కకు అక్కడ దొరికే పొడి మేతను ఇక్కడే మప్పాలి. మొదట పావు వంతు, రెండు మూడు రోజులకు సగం, పది రోజులకు పూర్తిగా. ఉన్నట్టుండి మారిస్తే రైల్లోనే విరేచనాలు. ప్రయాణానికి నాలుగు గంటల ముందు తిండి ఆపి, నీళ్లు కొంచెం కొంచెంగా ఇవ్వండి.

యూరప్ అడిగే కాగితాల్లో వరుస తప్పితే నెలలు పోతాయి. ముందు చర్మం కింద పెట్టే 15 అంకెల గుర్తింపు మైక్రోచిప్, ఆ తర్వాతే రేబిస్ టీకా, అప్పటికి కుక్కకు 12 వారాలు నిండాలి. జంతువుల నుంచి సోకే జబ్బుల దినమైన జూలై 6న పశువైద్యశాలలో ఉచితంగా వేయించిన టీకా, చిప్ లేకుండా వేయించి ఉంటే లెక్కలోకి రాదు. టీకా తర్వాత 30 రోజులాగి రక్తం తీయించి, యూరప్ గుర్తించిన ల్యాబుకు పంపాలి. రేబిస్‌ను ఎదుర్కొనే యాంటీబాడీలు రక్తంలో మిల్లీలీటరుకు 0.5 ఐయూ (కొలిచే యూనిట్లు) లేదా అంతకుమించి రావాలి. రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాలి. ఫలితం వచ్చిన రోజు నుంచి కాదు. ఆ తర్వాత బూస్టరు, అంటే మళ్లీ వేయించే రేబిస్ టీకా, గడువు ఒక్కరోజు దాటినా మళ్లీ మొదటికే. సంక్రాంతి తర్వాత బయల్దేరేవాళ్లు జూలైలో మొదలుపెట్టాలి. చివరి ఆరోగ్య పత్రం కోసం మనకు దగ్గర హైదరాబాద్‌లోని జంతు క్వారంటైన్ కార్యాలయం. దానిమీద సంతకమైన 10 రోజుల్లోపు యూరప్‌లో దిగాలి.

హైదరాబాద్‌కు రైల్లో అయితే ఏసీ ఫస్ట్ క్లాసులో కూపే (తలుపున్న చిన్న గది) మొత్తం మీ పేరునే ఉండాలి. లేకపోతే కుక్క గార్డు ఉండే బ్రేక్ వ్యానులో వెళ్తుంది, ఎండాకాలం ఆ పని చెయ్యకండి.

అక్కడ దిగాక మొదటి ప్రయాణం మధ్యాహ్నం, జనం పలచగా ఉన్నప్పుడు, రెండు మూడు స్టేషన్లు చాలు. ఎక్కేముందు గడ్డి మీద తిప్పండి. తలుపుల దగ్గర కాకుండా రైలు పెట్టె మధ్యలో కూర్చుని, సంచిని కాళ్ల మధ్య పెట్టి, వలను మీవైపు తిప్పుకోండి. చలికాలమైతే ఇల్లు చేరగానే పాదాలు గోరువెచ్చని నీళ్లతో కడగండి. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు పాదాలను పగలగొడుతుంది.