మంగళవారం, జెనీవా

పొద్దున్నుంచీ బీజ్ వీస్తోంది. సరస్సు మీదుగా వచ్చే ఈశాన్యపు చలిగాలికి ఇక్కడి వాళ్ల పేరది. పన్నెండో నంబరు ట్రామ్ దిగి బడి గేటు దాకా నడిచేసరికి చెవులు మొద్దుబారాయి. వచ్చే ఏడాది అమ్మాయి ఐబీ (ఇంటర్నేషనల్ బాకలోరియెట్) డిప్లొమాలో, అంటే బడి చివరి రెండేళ్ల చదువులో చేరుతుంది. ఏ సబ్జెక్టులు తీసుకోవాలో మాట్లాడటానికి రమ్మన్నారు. మావారికి ఆఫీసులో సమావేశం ఉండటంతో నేనొక్కదాన్నే వెళ్లాను.

ఈ ఇంటర్నేషనల్ స్కూల్ 1924లో మొదలైంది. నానాజాతి సమితి, అంతర్జాతీయ కార్మిక సంస్థల్లో పనిచేయడానికి దేశదేశాల నుంచి వచ్చినవాళ్లు తమ పిల్లల కోసం పెట్టుకున్న బడి. 1926లో కమలా నెహ్రూ వైద్యం కోసం కుటుంబం జెనీవా వచ్చినప్పుడు చిన్న ఇందిర కూడా ఇక్కడే చదువుకుంది. ఆ సంగతి తలుచుకుంటే ఈ ఆవరణ నాకు కాస్త దగ్గరగా అనిపిస్తుంది.

ఐబీ పుట్టుకలోనూ ఈ బడి ఉపాధ్యాయుల పాత్ర పెద్దది. తండ్రి ఉద్యోగం ఏ ఖండానికి మారినా పిల్లల చదువు చెల్లాలి, ఏ దేశపు విశ్వవిద్యాలయమైనా దాన్ని ఒప్పుకోవాలి. ఆ అవసరంలోంచే 1968లో ఈ ఊళ్లోనే ఐబీ సంస్థ ఏర్పడింది. వరండాలో నా పక్కన కూర్చున్న తల్లులదీ అదే మాట. కాంట్రాక్టు పొడిగిస్తారా, పొడిగించకపోతే ఎక్కడికి, అక్కడ ఏ బడి? ఐక్యరాజ్యసమితి తన ఉద్యోగుల పిల్లల చదువుకు ఇచ్చే విద్యా గ్రాంటు ఫీజులో కొంత భరిస్తుంది గానీ ఈ దిగులును భరించలేదు. ప్రతి జూన్‌లోనూ మా అమ్మాయికి ఎవరో ఒక స్నేహితురాలు దూరమవుతూనే ఉంది.

బడిలో ఐబీ వ్యవహారాలు చూసే సమన్వయకర్త ఓపికగా వివరించారు. ఆంగ్ల సాహిత్యం, ఫ్రెంచి, రసాయనశాస్త్రం, జీవశాస్త్రం... అంతా అనుకున్నదే. ఆ తర్వాత ఆవిడే అడిగారు: ఇంట్లో ఏ భాష మాట్లాడుకుంటారు? బడిలో చెప్పేవాళ్లు లేకపోయినా మాతృభాషా సాహిత్యాన్ని సొంతంగా చదువుకుని డిప్లొమాలో భాగంగా పరీక్ష రాసే పద్ధతి ఐబీలో ఉందట. తెలుగుకు ముందుగా ప్రత్యేక అనుమతి కావాలేమో కనుక్కుంటానన్నారు. నాకు గొంతు పట్టేసినట్లయింది. మన దగ్గర ఇంటర్‌లో మార్కులు బాగా వస్తాయని తెలుగు వదిలేసి సంస్కృతం తీసుకునే పిల్లలు ఎందరో. వాళ్లకు ఆ సలహా ఇచ్చేది పెద్దలే. ఇంత దూరంలో, తెలుగు అక్షరం ఎలా ఉంటుందో చూసి ఉండని ఒక ఉపాధ్యాయురాలు మా పిల్ల భాషకు చోటు వెతుకుతోంది. ఈ బడి మీద నాకున్న గౌరవం రెట్టింపైంది.

సాయంత్రం అమ్మాయికి చెప్పాను. ఎగిరి గంతేస్తుందనుకోలేదు, వేయలేదు కూడా.

"అమ్మా, చదవగలను. కానీ పరీక్షంతా తెలుగులోనే రాయాలి కదా? నా రాత ఎంత నెమ్మదో నీకు తెలుసు."

నిజమే. శనివారాలు నాతో కూర్చుని చదివినంతగా రాయలేదు. తెనాలిలో ఉన్న తాతయ్యకు ఫోను చేశాం. ఆయన ముప్పై ఏళ్లు తెలుగు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు.

"రాత సంగతి నాకు వదిలెయ్యమ్మా. రోజూ ఒక పేజీ రాసి ఫొటో పంపించు, దిద్ది పంపిస్తాను. కథ చదివితే కథ గురించి రాయి, పద్యం చదివితే పద్యం గురించి. నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో రాయి."

ఆ చివరి మాట దానికి నచ్చింది. నచ్చలేదని రాస్తే మార్కులు తగ్గిస్తారా అని ఆయనతో చాలాసేపు వాదించింది, అచ్చమైన తెలుగులో. అనుమతి వస్తుందో లేదో తెలిసేలోగా రాత మొదలుపెడదామని ముగ్గురం అనుకున్నాం. రేపు సమన్వయకర్తకు మెయిల్ రాయాలి. రూళ్ల నోటుపుస్తకం కూడా ఒకటి కొనాలి.