మిద్దెతోట అంగడి సైటు: మూడో నెల

తిరుపతి కొర్లగుంటలో మా బావది మిద్దెతోట సామాన్ల అంగడి. దాని ఆన్‌లైన్ సైటు సర్దడం నేను ఇష్టంగా పెట్టుకున్న పని, రోజూ రాత్రి భోజనాలయ్యాక ఓ గంట. మొత్తం 1,860 వస్తువులు. ఇన్నాళ్లూ సైటు అంగడి అరల్లాగే ఉండేది: విత్తనాలు, కుండీలు, ఎరువులు, మందులు, పనిముట్లు. ఏ అరలో ఏముందో బావకు తెలుసు, కొనేవాళ్లకెలా తెలుస్తుంది?

మొదటి నెలంతా జనం సైటులో ఏమని వెతుకుతున్నారో ఆ చిట్టా చదివా. "వేపనూనె" కన్నా "మిరప ఆకు ముడత" అని కొట్టినవాళ్లే ఎక్కువ. వాళ్లకు కనిపించింది "ఏమీ దొరకలేదు" అన్న మాట. సరుకేమో గోడౌన్‌లో ఉంది!

అందుకే విభాగాలను పంటల వారీగా మార్చేశా. మిరప విభాగానికే రెండు వారాలు పట్టింది. ఆకు అంచులు పైకి దోనెలా ముడుచుకుంటే తామరపురుగు, కిందికి తిరిగితే నల్లి. మా అక్క మిద్దె మీద రెండు రకాల ఆకులూ తెంపి, తెల్లకాగితం మీద పెట్టి ఫోటోలు తీసి విభాగం మొదట్లోనే పెట్టా. పైముడత ఫోటో కింద నీలం జిగురు అట్టలు, కిందిముడత కింద నీటిలో కరిగే గంధకం. పసుపు అట్టలు తెల్లదోమ దగ్గరికి వెళ్లాయి.

వేపనూనె ఐదు విభాగాల్లో కావాలి. మొదట ఐదు కాపీలు చేశా, అది పెద్ద పొరపాటు. ఒకదాంట్లో ధర మారిస్తే తక్కినవి పాత ధరే చూపాయి, అయిపోయిన సీసాకు ఆర్డరు కూడా తీసుకున్నాం. ఇప్పుడు ఒక వస్తువుకు ఒకటే పేజీ. మా సైటు నడిచే వూకామర్స్ సాఫ్ట్‌వేర్‌లో దానికి ఎన్ని కేటగిరీలైనా టిక్కు పెట్టుకోవచ్చు. సైజు, ధర, సేంద్రియమా కాదా అన్నవి ఫిల్టర్లకే వదిలేశా. ఫిల్టరు నొక్కినప్పుడల్లా పుట్టే కొత్త అడ్రసుల్లో అసలుది ఏదో సెర్చ్ ఇంజన్లకు చెప్పడానికి పేజీ కోడ్‌లో కానానికల్ ట్యాగు అనే గుర్తు ఉంది. 2009లో గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్ మూడూ ఒప్పుకున్న పద్ధతి అది. విభాగాలు మారాక మిగిలిన పాత లింకులు 212. ఒక్కోదాన్నీ దానికి సరిపోయే కొత్త పేజీకే 301 రీడైరెక్టు చేశా, అంటే పాత లింకు నొక్కినా నేరుగా కొత్త పేజీకే వెళ్తారు. అన్నిటినీ హోమ్ పేజీకి తోసేస్తే వచ్చినవాళ్లు మళ్లీ మొదటినుంచి వెతుక్కోవాలి.

అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించింది అనప గురించి. మన చిత్తూరు వైపు అనపకాయంటే అనపగింజల కాయ. గోదావరి వైపు ఆనపకాయంటే సొరకాయ. తేడా ఒక్క దీర్ఘం, ఫోన్లో టైపు చేసేటప్పుడు అదీ పోతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే ఇక చెప్పక్కర్లేదు. ఇప్పుడు ఎలా కొట్టినా రెండు విత్తనాలూ కాయల బొమ్మలతో పక్కపక్కనే వస్తాయి, ఏది కావాలో వాళ్లే చూసుకుంటారు.

తర్వాతి పని వానాకాలం విభాగం. మనకు అసలు వానలు అక్టోబరు నుంచే కదా. కుండీ అడుగున నీరు నిలవకుండా చూసే సామానంతా సెప్టెంబరులోపు ఒకచోటికి తేవాలి. బావ గోడౌన్‌లో లెక్క మొదలుపెట్టాడు.