నెల్లూరు నాగలికి తగిలిన రోము బంగారం

1786 ప్రాంతం. నెల్లూరు దగ్గర రాళ్లగుట్ట పక్కన రైతు దున్నుతుంటే నాగలి ఇటుక కట్టడానికి తగులుకుంది. తవ్వితే చిన్న గుడి పునాది, దాని కింద ఓ ముంత. ముంతలో రోము చక్రవర్తుల బంగారు నాణేలు!

పాపం, ఆయన వాటిని పాత బంగారం కింద అమ్మేశాడు. చాలా కరిగిపోయాయి. ఆర్కాటు నవాబు కొడుకు అమీర్ ఉల్ ఉమరా చేతికి ముప్పైకి పైగా చిక్కబట్టి మనకు ఈ సంగతైనా తెలిసింది. మద్రాసు గవర్నర్‌గా చేసిన అలెగ్జాండర్ డేవిడ్‌సన్ వాటిని చూసి ఉత్తరంలో రాసిపెట్టాడు: చక్రవర్తులు ట్రాజన్ (పాలన క్రీ.శ. 98–117), హాడ్రియన్ (117–138), మహారాణి ఫాస్టినా నాణేలు. కొన్ని నిన్న టంకశాలలోంచి వచ్చినంత కొత్తగా ఉన్నాయి. కొన్ని అరిగిపోయి, చిల్లులు పడి ఉన్నాయి.

ఆ చిల్లే నాకు అన్నిటికన్నా విలువైనది. ఆ కాలపు రోము బంగారు నాణెం సుమారు 7 గ్రాములు, రెండు సెంటీమీటర్ల వెడల్పు. మెడలో కాసులా వేసుకోవడానికి అచ్చంగా సరిపోతుంది. మిరియాల కోసం సముద్రాలు దాటొచ్చిన సొమ్ము ఇక్కడ నగైపోయిందన్నమాట.

ఇప్పుడు మీ చేలో ఇలాంటిది బయటపడితే తోమొద్దు. మేలిమి బంగారం మెత్తన, చింతపండూ బూడిదా పెట్టి రుద్దితే అక్షరాలు చెరిగిపోతాయి. ముంత పెంకుల్నీ పారేయొద్దు, కాలం చెప్పడానికి అవీ పనికొస్తాయి. 1878 నిధి చట్టం ప్రకారం విలువ పది రూపాయలు దాటితే చాలు, ఏం దొరికింది, ఎక్కడ, ఏ తేదీన అన్నది కలెక్టరుకు రాసివ్వాలి.