యాన్ మాయెన్‌లో అందరూ పనికి వచ్చినవాళ్లే

ఎండాకాలంలో ఉత్తర ధ్రువం దగ్గరి నార్వే దీవులు స్వాల్‌బార్డ్ నుంచి ఐస్‌లాండ్‌కి టూరిస్టులను తీసుకెళ్లే షిప్పులో, గ్యాలీలో, అంటే వంటగదిలో నా పని. ఆ దారిలో యాన్ మాయెన్ అనే దీవి వస్తుంది. నార్వేది. ఐస్‌లాండ్‌కి ఈశాన్యంగా ఓ 600 కిలోమీటర్ల దూరం, చుట్టుపక్కల సముద్రం తప్ప ఏమీ లేదు. ఉత్తరం కొసన 2,277 మీటర్ల బేరెన్‌బర్గ్ అగ్నిపర్వతం ఉంది. పైనుంచి కిందిదాకా మంచే, కానీ లోపల చల్లారలేదు. 1970లో బద్దలైనప్పుడు దీవి మొత్తం ఖాళీ చేయించారు, లావా సముద్రంలోకి పారి కొత్త నేల ఏర్పడింది. 1985లో మళ్లీ పేలింది.

రేవు లేదు. షిప్పు దూరంగా లంగరు వేస్తే రబ్బరు బోట్లలో దిగాలి, గాలి కాస్త తిరిగిందా, అదీ క్యాన్సిల్. ఒక ట్రిప్పులో మా సిబ్బందిలో కొందరికి కూడా దిగే అవకాశం వచ్చింది. క్వాల్‌రోస్‌బుక్తా ఒడ్డున ఇసుక బొగ్గుపొడిలా నల్లగా ఉంది, దాని మీద తెల్లగా ఎండిన దుంగలు. దీవిలో ఒక్క చెట్టు లేదు కదా, ఇవెక్కడివి అంటే, సైబీరియా నదుల్లో కొట్టుకొచ్చి సముద్రపు మంచుతోపాటు ఏళ్ల తరబడి తేలుతూ ఇక్కడ చేరతాయట. ఒకదాని చివర రంపంతో కోసిన గాటు ఇంకా చక్కగా కనిపిస్తోంది.

నన్ను వదలనిది మాత్రం ఆ దీవి చరిత్ర. అక్కడ పుట్టి పెరిగిన జనం ఎప్పుడూ లేరు, 400 ఏళ్లుగా వచ్చినవాళ్లలో దాదాపు అందరూ పని కోసం వచ్చినవాళ్లే. 1614లో డచ్ వాళ్లు వచ్చారు, మే అనే కెప్టెన్ పేరే దీవికి పెట్టారు. తిమింగలాలను చంపి, కొవ్వును ఒడ్డునే పెద్ద పెద్ద బాణళ్లలో కాచి నూనె తీసేవాళ్లు, చలి ముదిరేలోపు ఇళ్లకు వెళ్లిపోయేవాళ్లు. 1632లో బాస్క్ (స్పెయిన్, ఫ్రాన్స్ సరిహద్దు ప్రాంతం) ఓడలవాళ్లు వచ్చి సరంజామా దోచుకుపోయారని, మరుసటి ఏడాది డచ్ తిమింగలాల వేట కంపెనీ ఏడుగురిని కాపలాకి ఉంచి వెళ్లింది. 1634లో ఓడలు తిరిగొచ్చేసరికి ఒక్కడూ బతికి లేడు. తాజా కూర, పండు లేక వచ్చే స్కర్వీ జబ్బు. రోజూ నిమ్మకాయల పెట్టెలు, క్యాబేజీ పెట్టెలు విప్పే నాకు ఇది విన్నాక గుండె తరుక్కుపోయింది. బాణళ్లకున్న విలువ ఆ ఏడుగురికి లేకపోయింది.

1921లో నార్వే వాతావరణ కేంద్రం పెట్టింది. 1940లో జర్మన్లు నార్వేను ఆక్రమించాక, కేంద్రం వాళ్ల చేతికి చిక్కకూడదని అక్కడి ఉద్యోగులే దాన్ని ధ్వంసం చేసి వెళ్లారు, మరుసటి ఏడాది మళ్లీ వచ్చి, జర్మన్ విమానాలు దాడి చేస్తున్నా వాతావరణ వివరాలు పంపుతూనే ఉన్నారు. ఇప్పుడు ఓలోన్‌కిన్‌బీయెన్ అనే చోట ఓ 18 మంది ఉంటారు, సైన్యం వాళ్లు, వాతావరణ శాఖ వాళ్లు. కుటుంబాలు ఉండవు.

అక్కడ పనిచేసే ఆ 18 మందిలో ఒడ్డుకి వచ్చిన ఒకాయనతో కాసేపు మాట్లాడాను. విమానం ఏడాదికి కొన్నిసార్లే వస్తుంది, పొగమంచు పడితే దిగలేక వెనక్కి పోతుంది. అప్పుడు ఇంట్లో పిల్లలకు ఏ తేదీ చెప్పాలో తెలియదన్నాడు. మాకూ సైన్ ఆఫ్ తేదీ, అంటే షిప్పు దిగి ఇంటికెళ్లే తేదీ మారినప్పుడల్లా అదే టెన్షన్, మా ఆవిడకి ఫోన్ చేసి ఏం చెప్పాలా అని.